ఆగే జాగ ఏది?

కొల్లాపూర్ నుంచి హైదరాబాద్‌కు దారి బాగుపడింది. చేరుకున్నాక బండి పెట్టుకునే చోటే కరువైంది. దిగాల్సిన మనిషి ఒకచోట, ఆగాల్సిన బండి ఇంకోచోట. పట్నం పోయొచ్చిన ప్రతి కుటుంబం దగ్గరా ఇప్పుడు ఇలాంటి కథ ఒకటుంది.

తెల్లవారుజామున మూడున్నరకు కొల్లాపూర్‌లో బయల్దేరిన కారు అది. స్టీరింగ్ పట్టుకుంది కొడుకు. వెనక సీట్లో డెబ్బై దాటిన తల్లి. ఆమె పక్కన స్టీలు టిఫిన్ డబ్బా, పాత రిపోర్టుల సంచి, మడత పడకుండా నిలబెట్టిన ఎక్స్‌రే కవరు. నాగర్‌కర్నూల్ దాటేసరికి ఇంకా చీకటే. జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక బండి సాఫీగా సాగిపోయింది. రాయికల్ టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ ఒక్కసారి కూసింది, కర్ర లేచింది. శంషాబాద్ దాటి, ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, మెహిదీపట్నంలో దిగేసరికి ఏడున్నర.

అసలు ప్రయాణం అక్కడ మొదలైంది. మాసబ్ ట్యాంక్ మీదుగా పంజాగుట్ట వైపు నాలుగైదు కిలోమీటర్లకు గంట పట్టింది. పెద్ద డాక్టరు తొమ్మిదింటికి చూస్తానన్నారు. ఆసుపత్రి గేటు ముందు బండి ఆపీ ఆపకముందే విజిల్ వినిపించింది. "అన్నా, ఈడ ఆపొద్దు, పోనియ్, పోనియ్!" వెనక సిటీ బస్సు హారన్ మీద హారన్. కొడుకు గబగబా దిగి, తల్లి చెయ్యి పట్టుకుని గేటు పక్కన గోడ దాకా తెచ్చాడు. "అమ్మా, ఈడ్నే ఉండు. బండి పెట్టొస్త. ఐదు నిమిషాలు."

ఆసుపత్రి సెల్లార్ దగ్గర గొలుసు కట్టి ఉంది, దానికి 'ఫుల్' అన్న అట్టముక్క వేలాడుతోంది. పక్క సందులోకి తిరిగాడు. గేటు గేటుకూ ఒక బోర్డు: గేటు ముందు బండి పెట్టరాదు, పెట్టిన యెడల గాలి తీయబడును. ఒక ఇంటి ముందు రెండు ఇటుకలు, వాటి మీద పెయింటు డబ్బా. ఇంకో ఇంటి ముందు చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. మూడో ఇంటి ముందు నల్లా పైపు అడ్డంగా పరిచి ఉంది. సందు చివర ఒక కారు వెనక్కి వస్తుంటే ఆశ పుట్టింది. ఆ ఖాళీలోకి అప్పటికే ఒక బైకు, దాని పక్కన ఇంకో బైకు దూరిపోయాయి. మళ్లీ మెయిన్ రోడ్డు, మళ్లీ యూటర్న్, మళ్లీ అదే గేటు. ప్రతి రౌండులోనూ తల్లి అక్కడే కనిపిస్తోంది, చెయ్యి ఊపుతోంది. ఆపడానికి మాత్రం లేదు.

నాలుగో రౌండుకు ఒక ఖాళీ ప్లాటు దొరికింది. గంటల లెక్కన డబ్బులు తీసుకునే చోటు. అక్కడి నుంచి గేటు దాకా దాదాపు కిలోమీటరు పరుగు లాంటి నడక. వెళ్లేసరికి తొమ్మిదిన్నర కావొస్తోంది. తల్లి గోడకున్న ఇనుప కమ్మీ పట్టుకుని వదిలిన చోటే నిలబడి ఉంది. లోపల ఆమె పేరు పిలిచి, తర్వాతి వాళ్లను లోనికి పంపేశారు. లోపలికి పోయి కూర్చోలేదేమని కొడుకు కసిరితే ఆమె అన్నదొక్కటే: "నువ్వే గద బిడ్డా ఈడ్నే ఉండుమంటివి."

నడపడం వచ్చు, నిలపడమే రాదు

హైదరాబాద్‌లో ఇద్దరు కలిస్తే మాట వాన మీదికో ట్రాఫిక్ మీదికో పోతుంది. వాన పడిన రోజు ఆ రెండూ ఒకటే. 2023 జూలై చివర్లో కుండపోత కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీల వాళ్లకు వంతులు పెట్టారు. కొందరు మధ్యాహ్నం మూడింటికి, కొందరు నాలుగున్నరకు, మిగతావాళ్లు ఆరింటికి బయల్దేరమన్నారు. అందరూ ఒక్కసారి రోడ్డెక్కితే ఎవరూ ఇల్లు చేరరన్న భయం అది.

ఇరవై ఏళ్లుగా నగరం దీనికి వెతికిన జవాబు దాదాపు ఒక్కటే: రోడ్డు పెంచడం, వంతెన వేయడం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2009లో పదకొండున్నర కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన, 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్, 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల వంతెన వచ్చాయి. పాలమూరు బండ్లు నగరంలో అడుగుపెట్టేది ఆరాంఘర్ దగ్గరే కాబట్టి ఈ చివరిదాని విలువ మన వైపు వాళ్లకు బాగా తెలుసు. ఇవన్నీ అవసరమైన పనులే. అయితే వంతెన మీద మిగిలిన పది నిమిషాలు, దిగినాక జాగ వెతకడంలో అరగంటగా ఖర్చయిపోతున్నాయి. బండి కదలడానికి పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా అది ఆగడం మీద పెట్టలేదు.

నిజానికి కారు చేసే పని ఎక్కువగా ఆగి ఉండటమే. అమెరికాలో జీవితకాలమంతా పార్కింగ్ మీదే పనిచేసిన ఆచార్యుడు డొనాల్డ్ షూప్ తన 2005 నాటి పుస్తకంలో ఈ మాటే చెప్పాడు. సగటున కారు తన కాలంలో 95 శాతం నిలిచే ఉంటుందని ఆయన లెక్క. రాత్రి ఇంటి దగ్గర, పగలు ఆఫీసు దగ్గర, మధ్యలో బజారులో, ఆసుపత్రిలో, ఫంక్షన్ హాలు ముందర. అంటే ఒక్క కారుకు ఒక్క చోటు సరిపోదు. అది వెళ్లిన ప్రతిచోటా దానికో జాగ కావాలి.

———
ఒక కారు, ఎంత నేల?

మన దేశంలో భవన నిర్మాణ ప్రణాళికలు వేసేవాళ్లు వాడే లెక్క ప్రకారం, తిప్పుకునే జాగతో కలిపి ఒక కారుకు ఆరుబయట 23 చదరపు మీటర్లు, కప్పు కింద 28, సెల్లార్‌లో 32 చదరపు మీటర్లు కావాలి.

తెలంగాణలో పేదలకు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. అంటే సుమారు 52 చదరపు మీటర్లు.

కప్పు కింద రెండు కార్లు నిలపాలంటే 56 చదరపు మీటర్లు. ఒక కుటుంబం బతికే ఇంటికన్నా కొంచెం ఎక్కువే.
———

ఇరవై ఏడు బస్సుల నాటి వీధులు

నిజాం ప్రభుత్వం 1932లో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మన ఆర్టీసీకి మూలం అదే. అప్పటి హైదరాబాద్ వీధులు టాంగాలకు, సైకిళ్లకు, నడిచే మనుషులకు సరిపోయేవి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పాత ఇరుకు బస్తీలను తొలగించి, పత్తర్‌గట్టీ లాంటి వెడల్పాటి వీధులు వేసింది. 1935లో మొజంజాహీ మార్కెట్ కట్టినప్పుడు దాని ముందు విశాలమైన కూడలి వదిలారు. ఆ రోజులకు అవి ముందుచూపున్న కట్టడాలు.

ఇవాళ అదే మొజంజాహీ మార్కెట్ పక్క నుంచి బేగంబజార్‌లోకి పోయి చూస్తే బజారంతా చక్రాలే. కొల్లాపూర్, పెబ్బేరు, వనపర్తి కిరాణా వ్యాపారులకు, పెళ్లిసామాను కొనేవాళ్లకు ఇప్పటికీ బేగంబజారే పెద్ద దిక్కు. పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఊరి నుంచి ఒక బండి వస్తుంది. ఆడవాళ్లు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణాల్లో ఉంటారు. డ్రైవర్ మాత్రం బండి దిగడు, దిగడానికి లేదు. ట్రాలీ ఆటో వస్తే నాలుగడుగులు ముందుకు, హమాలీ బండి వస్తే రెండడుగులు వెనక్కి. మూడు గంటలు క్లచ్ మీద ఎడమ కాలు, బ్రేకు మీద కుడి కాలు. మధ్యాహ్నం అన్నం డబ్బా స్టీరింగ్ మీద పెట్టుకునే తింటాడు. "సామాను కొన్నోళ్లకంటె నాకే ఎక్కువ అలుపు" అని ఒక డ్రైవరన్న అన్నప్పుడు పక్క బండివాళ్లు కూడా తలలూపారు.

బజారు నిండింది ఊళ్ల నుంచి వచ్చే బండ్లతోనే కాదు. బస్సులు తగ్గినచోట సొంత బండ్లు పెరుగుతాయి. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో వందల బస్సులను రోడ్డు మీది నుంచి తీసేశారు. ఆ ఖాళీలోకి స్కూటర్లు, సెకండ్‌హ్యాండ్ కార్లు వచ్చి చేరాయి. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులు మళ్లీ కిక్కిరిశాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లలను చూస్తే ఈ ఊరికి కారుకన్నా ముందు ఏం కావాలో అర్థమవుతుంది.

సెల్లార్‌లో కార్లు తప్ప అన్నీ

భవనం కడితే పార్కింగ్ వదలాలన్న నియమం లేక కాదు. 2012 నాటి 168వ నంబరు జీవో భవన నిబంధనల్లో అది స్పష్టంగా ఉంది. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం బండ్లకు కేటాయించాలి, దాన్ని మరో పనికి వాడకూడదు. ప్లాన్ కాగితం మీద ఆ జాగ ఉంటుంది, అనుమతి కూడా దాన్ని చూపించే తెచ్చుకుంటారు. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే అదే సెల్లార్‌లో జిరాక్స్ షాపు, కోచింగ్ సెంటరు, గోడౌను, టిఫిన్ సెంటరు ఉంటాయి. అద్దె వస్తుంది కాబట్టి యజమానికి లాభమే. ఆ భవనానికి వచ్చే బండ్లు వీధిలో నిలబడతాయి. ఆ నష్టం వీధిలో నడిచే వాళ్లందరిదీ.

దీన్ని చిన్న ఉల్లంఘన అనుకోవడానికి లేదు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసింది. ఎనిమిది మంది చనిపోయారు. పై ఊళ్ల నుంచి పని మీద వచ్చి రాత్రికి గది తీసుకున్నవాళ్లు అందులో ఉన్నారు. ఏడాది తిరిగాక, 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నిల్వపెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పైన కాపురముంటున్న తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. బండ్లు నిలవాల్సిన చోట ఇంకేదో నిలిస్తే ఏమవుతుందో ఈ రెండు ప్రమాదాలు చూపించాయి.

కాలనీల్లో గొడవ మరో రకం. ఇరవై ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు ఒక్క జాగ రాసిచ్చారు. అప్పట్లో ఇంటికి ఒక స్కూటర్. ఇప్పుడు తండ్రికో కారు, కొడుక్కో కారు, కోడలికో స్కూటీ. రెండో బండి వీధిలోకి వస్తుంది. వీధిలో ఇంటి ముందరి నేల తమదే అని ఇంటివాళ్లు అనుకుంటారు. అది మున్సిపల్ రోడ్డు కాబట్టి అందరిదీ అని బండివాళ్లంటారు. చట్టం చూస్తే రెండోవాళ్ల మాటే నిజం. కానీ రాత్రి పదింటికి కడుపునొప్పి వచ్చిన పిల్లాణ్ని తీసుకుని బయటికొస్తే గేటుకు అడ్డంగా ఎవరిదో కారు ఉన్న ఇంటివాళ్లకు చట్టం చెప్పి లాభం లేదు. ఇటుకలు, పెయింటు డబ్బాలు ఆ భయంలోంచే పుట్టాయి.

———
మాల్‌లో మొదటి అరగంట ఉచితం

2018 మార్చిలో తెలంగాణ పురపాలక శాఖ ఇచ్చిన 63వ నంబరు జీవో ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలకు పార్కింగ్ డబ్బులు తీసుకోకూడదు.

అరగంట నుంచి గంట దాకా అయితే, అక్కడ కొన్న ఏ బిల్లు చూపించినా ఉచితమే.

గంట దాటితే, బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగ్ రుసుముకన్నా ఎక్కువ ఉంటే అప్పుడూ ఉచితమే.

2021లో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు మాత్రం పార్కింగ్ రుసుము తీసుకునే వీలు మళ్లీ ఇచ్చారు.
———

పాలమూరు చేతులు, పట్నం స్టీరింగు

ఒకప్పుడు పాలమూరు కూలీ దేశంలోని ఏ డ్యాం దగ్గరైనా తట్ట మోస్తూ కనిపించేవాడు. ఇప్పుడు ఆ ఇళ్లలోని పిల్లలు హైదరాబాద్‌లో ఆటో, క్యాబ్, ట్రాలీ నడుపుతున్నారు, బైకు మీద భోజనాలు మోస్తున్నారు. ఎల్బీనగర్, చంపాపేట, కాటేదాన్ వైపు ఏ ఆటో అడ్డాలో నిలబడ్డా అచ్చంపేట యాసో, కొల్లాపూర్ యాసో, దేవరకొండ యాసో చెవిన పడుతుంది. కారున్న ఉద్యోగి పార్కింగ్ బాధ రోజుకు రెండుసార్లు పడతాడు. రోడ్డే పొలమైన వీళ్లకు అది పొద్దంతా ఉంటుంది.

క్యాబ్ డ్రైవర్‌కు బుకింగ్ వచ్చే దాకా ఎక్కడో ఆగాలి. మెట్రో స్తంభాల నీడలో ఆగితే కానిస్టేబుల్ ఫోన్ తీసి ఫొటో కొడతాడు. ఆ ఫొటో రెండు రోజుల తర్వాత మెసేజ్‌గా వస్తుంది: జరిమానా ఇంత, దాని మీద యూజర్ చార్జీ 35 రూపాయలు. ఆగకుండా తిరుగుదామంటే డీజిల్ కాలుతుంది. ఇంకో బాధ ఉంది, బయటికి చెప్పుకోలేనిది. పన్నెండు గంటలు సీట్లో ఉండేవాడికి మూత్రానికి వెళ్లాలంటే బండి ఆపాలి. ఆపే జాగ లేదు. చాలామంది నీళ్లు తాగడం తగ్గించుకుంటున్నారు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. నగరం వీళ్లకు రోడ్డు చూపించింది గానీ నిలబడటానికి అడుగు నేల ఇవ్వలేదు. డ్రైవర్లకు అరగంట ఆగే చోట్లు, పక్కనే ఒక మూత్రశాల ఏర్పాటు చేయడానికి పెద్ద ఫ్లైఓవర్ ఖర్చేమీ కాదు. అడిగేవాళ్ల గొంతు పైకి వినపడటం లేదు, అంతే.

భోజనం మోసే పిల్లవాడికి హోటల్ ముందు కావాల్సింది రెండే నిమిషాలు. లోపలికి పోయి పొట్లం తెచ్చుకునే లోపే బైకును పక్కకు లాగేస్తారు. ఆ చలాను కంపెనీది కాదు, కస్టమర్‌దీ కాదు. వాడి ఆ రోజు కూలీలోంచే పోతుంది.

2022 అక్టోబర్ 3 నుంచి హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో అడ్డంగా పెట్టిన బండ్ల మీద, ఫుట్‌పాత్ ఆక్రమణల మీద గట్టిగా పడ్డారు. స్టాప్ లైన్ దాటితే 100, నడిచేవాళ్లకు అడ్డంగా బండి పెడితే 600, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డు నిలిస్తే 1,000 రూపాయలు అన్నారు. కొన్ని కూడళ్లు నిజంగానే తెరిపిన పడ్డాయి. చాలాచోట్ల సిగ్నళ్లు తీసి యూటర్న్‌లు పెట్టారు. బండ్ల ధార ఆగడం లేదు. అయితే ఎదురుగా ఉన్న మందుల దుకాణానికి పోవాలన్నా కిలోమీటరు పోయి తిరిగి రావాలి. అంత దూరం పోలేక రాంగ్ సైడులో వచ్చేవాళ్లు పెరిగారు. రోడ్డు దాటే ముసలివాళ్లకు ఆగని ధార మరో భయం.

———
పేరుకున్న చలాన్లు

2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద తెలంగాణలో పెద్ద రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం, తోపుడు బండ్లకు 80 శాతం తగ్గింపు.

2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ ఇచ్చారు. ఈసారి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం.
———

మామిడి బండి దారి మారింది

కొల్లాపూర్ రైతుకు హైదరాబాద్ ట్రాఫిక్ అంటే ముందు గుర్తొచ్చేది గడ్డిఅన్నారం. 1986 నుంచి అక్కడి 22 ఎకరాల పండ్ల మార్కెట్టే మన బంగినపల్లి కాయకు గమ్యం. ఏప్రిల్, మే వచ్చిందంటే కొత్తపేట రోడ్డు మీద లారీల మీద లారీలు. రాత్రి కాయ కోసి, గడ్డి పరిచి, డీసీఎంలో నింపి తెచ్చిన రైతు, గేటు లోపలికి వరస వచ్చే దాకా విజయవాడ హైవే పక్కన నిలబడేవాడు. పగలు పెద్ద బండ్లకు ఊళ్లోకి అనుమతి లేదు. తెల్లారేలోగా దించకపోతే ఎండలో కాయ ఒకవైపు మెత్తబడుతుంది. కిలోకు ఎంత తగ్గుతుందన్నది ఆ నిలబడ్డ గంటలే తేల్చేవి. దారిన పోయేవాళ్లు ఆ లారీలను తిట్టుకునేవాళ్లు. లారీలో ఉన్నవాడికి అక్కడ ఆగాలన్న కోరిక ఏమాత్రం లేదని వాళ్లకు తెలియదు.

2021లో ఆ మార్కెట్‌ను ఔటర్ దగ్గరి బాటసింగారానికి తరలించారు. వ్యాపారులు వద్దన్నారు, కోర్టుకూ వెళ్లారు. చివరకు పాత షెడ్లు కూల్చి ఆ స్థలాన్ని పెద్ద ఆసుపత్రికి కేటాయించారు. కొత్తపేట ఊపిరి పీల్చుకుంది. రైతు కూడా ఊళ్లోకి రాకుండా ఔటర్ మీది నుంచే మార్కెట్ చేరుతున్నాడు. కానీ తోపుడు బండి మీద అమ్ముకునే చిరువ్యాపారికి పదిహేను, ఇరవై కిలోమీటర్ల ఆటో కిరాయి మీద పడింది. జనం నడుమ నుంచి బండ్లను తప్పిస్తే ఆ ఖర్చు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అది ఎవరి నెత్తిన పడుతోందో తరలించే ముందే చూసుకోవాల్సింది.

నల్లగొండ రైతు గుండె వెళ్లిన దారి

2021 ఫిబ్రవరి 2న ఎల్బీనగర్‌లోని ఒక ఆసుపత్రిలో నల్లగొండ జిల్లాకు చెందిన నలభై ఐదేళ్ల రైతు బ్రెయిన్ డెడ్ అయ్యాడు. కుటుంబం ఒప్పుకుంది. ఆయన గుండె జూబ్లీహిల్స్‌లో మరొకరికి అమర్చాలి. బయటికి తీసిన గుండెకు గంటలే గడువు. నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు, మధ్యలో ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట. సాయంత్రం రద్దీ మొదలయ్యే వేళ. అంతకుముందు ఇలాంటప్పుడు పోలీసులు దారి పొడవునా బండ్లను ఆపి అంబులెన్సును పంపేవాళ్లు. ఆ రోజు మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపారు. గుండె ఉన్న పెట్టె అరగంటలోపే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరింది. 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మరో గుండె ఇలాగే వెళ్లింది. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు.

ఆ రెండుసార్లూ నగరం చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. కానీ మామూలు రోజున గుండెనొప్పితో ఆటోలో కూర్చున్న మనిషికి ఏ రైలూ ఆగకుండా నడవదు. ఆయన ఆటో, రెండు వరసల పార్కింగ్ తినేయగా మిగిలిన ఒక్క వరస రోడ్డులోనే పోవాలి.

అడవిలోనూ ఇదే తీరు

ఇది పట్నం జబ్బు అనుకుంటే పొరపాటు. వానాకాలంలో శ్రీశైలం డ్యాం పన్నెండు గేట్లలో నాలుగు లేచాయని టీవీలో వస్తే చాలు, శని, ఆదివారాల్లో హైదరాబాద్ సగం నల్లమల వైపు కదులుతుంది. దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో నీటి దృశ్యం కనపడగానే ముందు బండి ఆగుతుంది. సెల్ఫీ కోసం దిగుతారు. వెనక బండి ఆగుతుంది. ఇంకొకరు ఎదురు వరసలోకి దూరతారు. అరగంటలో కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఇరుక్కుంటాయి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, వెనక్కి తిప్పే జాగ ఉండదు. రాత్రి తొమ్మిదికి అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారి మూసేస్తారు కాబట్టి సాయంత్రానికి అందరికీ ఒకటే తొందర. ఆర్టీసీ బస్సులో ఉన్న శ్రీశైలం భక్తులు, పసిపిల్లల తల్లులు చీకట్లో నీళ్లు లేకుండా కూర్చుంటారు.

కొల్లాపూర్ పక్కన సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు 2022 అక్టోబర్‌లో కేంద్రం 1,082.56 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. నంద్యాల వైపు దారి దగ్గరవుతుంది. పడవ మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన తరాలకు అది ఎన్నో ఏళ్ల కల. ఆ వంతెన చూడటానికి వచ్చే బండ్లు ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఇప్పుడే, నేల చేతిలో ఉన్నప్పుడే తేల్చుకోవాలి. సింగోటం జాతరకు వచ్చే బండ్లతో సంక్రాంతి రోజుల్లో ఆ దారి ఎలా బిగుసుకుపోతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. రేపు సోమశిలకు ప్రతి ఆదివారం జాతరే.

ముందు జాగ, తర్వాత కారు

జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టం ఉంది. నగరాల్లో కారు కొనాలంటే, ఇంటికి రెండు కిలోమీటర్లలోపు దాన్ని పెట్టుకునే జాగ ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వాళ్లు వచ్చి కొలిచి చూస్తారు. టోక్యో సందులు మన సందులకన్నా వెడల్పేమీ కావు, అయినా రాత్రిపూట వీధిలో వదిలేసిన కారు అరుదు. 2025 మేలో మహారాష్ట్ర ప్రభుత్వం కూడా జాగ చూపిస్తేనే కొత్త కారు రిజిస్ట్రేషన్ అన్న ఆలోచన బయటపెట్టింది. అది మన దగ్గర కూడా చర్చకు వచ్చింది. కారు కొనే స్తోమత ఉండి, సొంత ఇల్లు లేని క్యాబ్ డ్రైవర్ సంగతేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పాకే అలాంటిది తేవాలి. రెండో కారు, మూడో కారు కొనేవాళ్ల దగ్గర మొదలుపెడితే తప్పేమీ లేదు.

హైదరాబాద్‌లో నాంపల్లి మెట్రో స్టేషన్ పక్కన సుమారు రెండు వేల చదరపు గజాల్లో 15 అంతస్తుల యాంత్రిక పార్కింగ్ భవనం కట్టారు. 250 కార్లు, 200 ద్విచక్ర వాహనాలు పట్టేలా లెక్క వేశారు. కారును కింద పళ్లెం మీద వదిలితే యంత్రమే పైకి తీసుకుపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ ఒక్క భవనం పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. సెల్లార్లలోని గోడౌన్లను ఖాళీ చేయిస్తే యంత్రం అక్కర్లేకుండానే అంతకు ఎన్నో రెట్లు జాగ వస్తుంది. ముందు చేయాల్సింది అదే.

మెట్రో దగ్గర బండి పెట్టి రైలెక్కడం మరో దారి. నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు నాగోల్ స్టేషన్ అలాగే అలవాటైంది. 2024 ఆగస్టులో అక్కడ ఉచిత పార్కింగ్‌కు రుసుము పెట్టబోతే ప్రయాణికులు ధర్నాకు దిగారు. టికెట్టుకన్నా పార్కింగ్ భారమైతే జనం మళ్లీ బండి మీదే ఆఫీసుకు పోతారు. మన పాలమూరు వైపు నుంచి వచ్చేవాళ్లకైతే ఆరాంఘర్ దగ్గర బండి వదిలి రైలెక్కే అవకాశమే ఇంకా లేదు.

షాద్‌నగర్‌లో చాయ్

మధ్యాహ్నం రెండున్నరకు గానీ డాక్టరు తల్లిని చూడలేదు. పేరు ఒకసారి తప్పిపోయింది కాబట్టి చివరికి వేశారు. ప్లాటులో కారుకు ఆరు గంటల డబ్బులు కట్టి బయటపడి, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేసరికి నాలుగున్నర. షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కన చాయ్ హోటల్ ముందు బండి ఆపారు. వేపచెట్టు కింద పది బండ్లు పట్టేంత ఖాళీ నేల. కొడుకు ఎటూ చూసుకోకుండా ఒక్క తిప్పుతో నిలిపేశాడు.

వచ్చే నెల పన్నెండున మళ్లీ రమ్మన్నారు. ఈసారి కారు వద్దని ఇద్దరూ అనుకున్నారు. కొల్లాపూర్‌లో పొద్దున మొదటి బస్సెక్కితే ఎంజీబీఎస్. అక్కడ బస్టాండ్ నుంచే మెట్రో స్టేషన్‌కు దారి ఉంది. ఎర్ర లైన్ రైలు మారే పని లేకుండా పంజాగుట్టలో దింపుతుంది. మెట్లు ఎక్కలేనని తల్లి అంటే, లిఫ్టు ఉంటదని కొడుకు చెప్పాడు. ఆమె చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"రైలు కాడ నన్నొక్కదాన్నే నిలవెట్టి యాడికి పోవు గద?"

"పోనమ్మా. పెట్టనీకి బండి ఉండదు గద."